ఇక్కడ క్షేమం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో మా వంటింటి గోడకి ఓ ఇనప తీగ వేలాడేది. డ్యూటీ మీద ఊళ్ళు తిరిగే నాన్నగారు రాసిన కార్డులన్నీ అమ్మ దానికే గుచ్చేది. ఏ కార్డు తీసినా ఒకటే మాట: ఇక్కడ క్షేమం.

సరోజినీ నాయుడు ఉత్తరాల సంపుటం చదువుతుంటే ఆ తీగ గుర్తొచ్చింది. 1924లో ఆఫ్రికా, 1928లో అమెరికా, 1932లో ఎరవాడ జైలు! పిల్లలతో ఆవిడ కబుర్లు చాలామట్టుకు టపాలోనే. సభల సంగతుల పక్కనే పద్మజ ఆరోగ్యం గురించి బెంగ. తెలుగింటి కోడలైనా రాసింది ఇంగ్లీషులోనే, పోనీండి.

1947 ఆగస్టులో ఆవిడ లక్నోలో గవర్నరు. ఇల్లేమో ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్. విచిత్రం చూడండి, 1948 సెప్టెంబరు దాకా ఆ ఇల్లున్న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవనేలేదు! 1949 మార్చి 2న లక్నోలోనే కన్నుమూసింది.

ఆవిడ ఉత్తరాలు దాచినవాళ్ళున్నారు, అచ్చయ్యాయి. మావో? క్వార్టర్సు ఖాళీ చేసేటప్పుడు కార్డులన్నీ నేనే నీళ్ళపొయ్యిలో వేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ పోయాక దేవుడి పటం వెనక ఒక కార్డు దొరికింది. అందులోనూ అదే మాట.