విశాఖ కొండలు

విశాఖపట్టణమనగానే మనకు ముందుగా సముద్రము స్ఫురించును. కాని ఈ నగరమునకు రూపమిచ్చినవి కొండలు. ఉత్తరమున కైలాసగిరి, సింహాచలముల వరుస. దక్షిణమున యారాడ కొండ. నడుమ తూర్పు కడలికి తెరచుకొన్న పల్లము. పూర్వమచ్చట ఉప్పుటేరును, బురదనేలలును ఉండెడివి. యారాడ కొండకొమ్ము సముద్రములోనికి చొచ్చుకొనిపోయి అలల ధాటి నాపుచున్నది. ఓడవారు దానిని డాల్ఫిన్స్ నోస్ అనిరి. దాని మరుగున బురదను త్రవ్వి, 1933లో ఓడరేవును తెరచిరి. కొండ లేనిచో రేవు లేదు. రేవు లేనిచో నేటి మహానగరమును లేదు.

ఈ కొండల రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. తూర్పు కనుమలలో నివసించు ఖోండుల పేరిట ఆ పేరు వచ్చినది. ఎండకు, వానకు ఆ రాయి చివికి ఎఱ్ఱమట్టి యగును. పగుళ్లలో వాననీటిని దాచుకొని, మెల్లగా ఊటలుగా విడుచును. సింహగిరిపై గంగధార యాత్రికులకు చిరపరిచితమే.

నీటి విలువ నెఱిగిన పూర్వులు ఈ కొండల నాశ్రయించిరి. భీమునిపట్టణపు దారిలోని తొట్లకొండపై రెండువేల యేండ్ల క్రిందటి బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి నీటితొట్లు చేసికొనిరి. కొండ పేరే అందులకు సాక్షి. సింహాచలాలయమును 13వ శతాబ్దిలో తూర్పు గాంగ ప్రభువు మొదటి నరసింహదేవుడు విస్తరింపజేసెను. కోణార్కను కట్టించినవాడును ఆయనయే. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. రేవు ముఖద్వారమున మూడు చిన్న గుట్టలున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై మేరీమాత చర్చి, మఱియొకదానిపై దర్గా. ఓడ లోనికి వచ్చువేళ మూడును ఒక్కసారి కంటబడును.

కొండలు మేలే గాక కొంత చిక్కును కల్పించినవి. రెండు వరుసల నడుమ గిన్నెవలె ఉన్న పల్లములో కర్మాగారముల పొగ సులభముగా తొలగిపోదు. ఆ పొగను కొంతయైన హరించునది కొండలపైని పచ్చదనమే. సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండను 2002లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్కపూటలో ఈ కొండల చెట్లను మోడులు చేసినది. వానలు పడగా అడవి మరల చిగిర్చినది.

తుపాను కూల్చిన చెట్టు మరల మొలచును. మనము తొలిచిన కొండ మరల పెరుగదు. వాలును నఱికి యిండ్లు కట్టినచోట వాన ఇంకదు, ఎఱ్ఱని బురదయై వీధిలోనికి దిగును. వేసవిలో నూయి ఎండును. తొట్లు తొలిచిన భిక్షువులు కొండనుండి కొంతయే తీసికొని, వాననీటిని కొండపైననే నిలిపిరి. ఆ పొదుపు మనకును అవసరమని మేము తలంచుచున్నాము.