నెల్లాళ్ల దేశం నాటకం ఎవరిది?

1921 అక్టోబర్ 4న ఫెల్షోర్ అనే చిన్న ఊళ్లో ఒక దేశాన్ని ప్రకటించారు. పేరు లాయ్తాబాన్‌షాగ్. హంగేరీ, ఆస్ట్రియా తగువులాడుకుంటున్న పొలిమేర నేల అది. నాయకుడు పాల్ ప్రోనాయ్, హంగేరీ సైన్యాధికారి, 1919లో వామపక్షీయుల మీద సాగిన శ్వేత బీభత్సంలో పేరు మోసినవాడు. నవంబర్ మొదటి వారానికి దుకాణం కట్టేశాడు. మరి హంగేరీ కోసం తుపాకీ పట్టినవాళ్లు హంగేరీ నుంచే వేరుపడడమేమిటి?

తీగ 1920 నాటి ట్రియనాన్ ఒప్పందం దగ్గర దొరుకుతుంది. ఆ కాగితం మీద సంతకం చేసి హంగేరీ ఈ ప్రాంతాన్ని ఆస్ట్రియాకు వదులుకుంది. మరుసటి ఏడు ఆగస్టు చివర్లో ఆస్ట్రియా పోలీసులు స్వాధీనానికి వస్తే హంగేరీ పక్షాన నిలిచిన సాయుధ ముఠాలు తరిమాయి. అప్పగించనంటే బుడాపెస్ట్ మాట తప్పినట్టు. కొత్త దేశమైతే ఏ సంతకమూ చేయలేదు! పాము చావాలి, కర్ర విరగకూడదు.

బుడాపెస్ట్ హస్తానికి ఆనవాలు కోసం తపాలా బిళ్లలు చూద్దాం. కోతకోసే రైతుల బొమ్మతో ఉన్న పాత హంగేరీ బిళ్లల మీదే తిరుగుబాటుదారుల ముద్ర కొట్టారు. ఆ తర్వాతే సొంత బిళ్లలు. అయితే దీన్ని సాక్ష్యంగా నేను ఒప్పుకోను. చేతికందిన సరుకు ఎవరైనా వాడుకుంటారు.

అసలు గుట్టు విప్పింది వెనిస్. ఇటలీ మధ్యవర్తిత్వంలో అక్టోబర్ 13న అక్కడ రాజీ కుదిరింది: షోప్రోన్ పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్లలో ప్రజాభిప్రాయం తీసుకుంటారు, బదులుగా తిరుగుబాటుదారులను హంగేరీ ఖాళీ చేయిస్తుంది. వాళ్లు నా మనుషులు కారంటూ వచ్చిన ప్రభుత్వం, వాళ్లను వెనక్కి రప్పిస్తానని ఏ ధైర్యంతో మాటిచ్చింది? ఆ మాటతో లాభపడిందీ అదే.

అలాగని ప్రోనాయ్‌ని ఉత్త కీలుబొమ్మ అనలేం. రాజీ కుదిరాక కూడా మూడు వారాలు మొండికేశాడు. ఈలోగా హంగేరీ మాజీ రాజు కార్ల్ సింహాసనం కోసం విమానంలో దిగితే, షోప్రోన్‌లోని హంగేరీ సైన్యాధికారి ఓస్టెన్‌బర్గ్ దళం ఆయన వెంట నడిచింది. ప్రోనాయ్ మాత్రం బుడాపెస్ట్ ప్రభుత్వాన్ని కాదని రాజు వైపు కదల్లేదు. దారం బుడాపెస్ట్ చేతిలోనే ఉంది గానీ, బిగువుగా లేదని నా అంచనా.

డిసెంబర్ 14 నుంచి 16 వరకు ఓటింగ్ జరిగింది. 65 శాతం హంగేరీ వైపు. షోప్రోన్, ఎనిమిది ఊళ్లు దానికి దక్కాయి. ఓటర్ల జాబితాలు సరిగా లేవని ఆస్ట్రియా మొత్తుకున్నా ఫలితం మారలేదు.