కల్వము పోయినను మాట పోరాదు

ఒకప్పుడు బెజవాడలో గాని, దివిసీమ పల్లెలలో గాని మందునకు పోవువారు ఖాళీ సీసా చేతబట్టుకొని పోవుచుండిరి. కాంపౌండరు మిక్చరు కలిపి, మోతాదుల గుర్తులు కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకు అంటించి, "పూటకొక గుర్తు" అని చెప్పి పంపుచుండెను. ఆ చెప్పుటయే ఆ వృత్తికి ప్రాణము.

1948 నాటి ఫార్మసీ చట్టము ఈ వృత్తికి చదువును, రిజిస్టరును ఏర్పరచెను. క్రమముగా తయారు మాత్రలు వచ్చి కల్వము మూలబడెను. మాటకూడ మూలబడునేమో అనుకొను వేళ, గుండెజబ్బు చికిత్స దాని విలువను పెంచినది.

1897లో జర్మనీలో రూపొందిన ఆస్పిరిన్‌ను మనము చిరకాలము తలనొప్పి మాత్రగనే ఎరుగుదుము. అది రక్తములోని ప్లేట్‌లెట్లు గుమిగూడి గడ్డకట్టకుండ ఎట్లు ఆపునో 1971లో జాన్ వేన్ పరిశోధనలతో తేటపడెను. 1988లో వెలువడిన ఒక పరిశీలనలో, గుండెపోటు అనుమానముతో చేరిన 17,187 మందిలో, ఒక నెల ఆస్పిరిన్ పొందినవారికి గుండె, రక్తనాళముల వ్యాధులవలని మరణములు నూటికి 23 వంతున తగ్గెను. తరువాత వచ్చిన క్లోపిడోగ్రెల్, ప్లేట్‌లెట్లను కూడగట్టు ఏడీపీ సంకేతమును అడ్డగించును. ఈ ఏడీపీకి తోబుట్టువైన ఏటీపీని 1929లో లోకమునకు తెలిపినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఇది మనకు గర్వకారణము.

నేడు సూర్యారావుపేట ఆసుపత్రిలో స్టెంటు వేయించుకొని డెల్టా పల్లెకు మరలిన రైతునకు వైద్యుడు సాధారణముగ కొన్ని నెలలు ఈ రెండు మాత్రలు వ్రాయును. నొప్పి తగ్గగానే అతడు "ఇక ఎందుకు?" అని మానును. మానినచో స్టెంటులో గడ్డ ఏర్పడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కోతల కాలమున మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ కొనును. అది ముందుగ పడినచో ఆస్పిరిన్ పనికి అడ్డుపడగలదు. కడుపుమంటకు వాడు ఒమిప్రజోల్ క్లోపిడోగ్రెల్ బలమును తగ్గింపగలదు. మలము నల్లబడినచో లోపల రక్తస్రావమేమో చూపించుకొనవలెను.

ఈ సంగతులు తెలిసి, ప్రతి నెల ఆ రోగిని ఎదురుగ చూచువాడు ఫార్మసిస్టు. 2015 నాటి నిబంధనలు రోగికి సలహా చెప్పుటను అతని విధిగా గుర్తించినవి. మందు మార్చుట అతని పని కాదు. అడుగుట, హెచ్చరించుట, వైద్యునివద్దకు పంపుట అతని పని.

సీసా పోయెను, గుర్తుల కాగితము పోయెను. "డాక్టరుగారిని అడుగక మానవద్దండీ" అను ఒక్క మాట మాత్రము మందుల దుకాణమున నిలిచియుండవలెను. ఆ మాటను అడిగి చెప్పించుకొనుట మన వంతు.