పసుపు లైటు మంచుని చీలుస్తుందా? ఫ్రాన్స్ వాళ్లు 55 ఏళ్లు నడిపిన చట్టం కథ



ధనుర్మాసం దగ్గర పడిందంటే చాలు, మనలో బండి ఉన్న ప్రతివాడికీ ఈ ఆలోచన వస్తది. బొలేరోకో, టాటా ఏస్‌కో పసుపు రంగు ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు వేయిస్తే తెల్లారుజామున మంచులో దారి బాగా కనపడుద్దంట, వేయిద్దామా అని. పత్తి లోడుతో జిన్నింగు మిల్లుకి పోయేవాళ్లు, మిర్చి టిక్కీలు యార్డుకి తోలేవాళ్లు, కూరగాయలు రైతుబజారుకి చేర్చేవాళ్లు అందరం బయల్దేరేది ఆ మూడు, నాలుగు గంటలకే. మంచు కమ్ముకునేదీ అప్పుడే. కాబట్టి ఇది సోకుల కోసం అడిగే ప్రశ్న కాదు.

దీనికి షాపువాడి దగ్గర ఒకటే జవాబు ఉంటది: "పసుపు మంచుని చీల్చుకుని పోతది సార్." ఈ మాట అతను పుట్టించింది కాదు. దీని వెనక 90 ఏళ్ల కథ ఉంది. ఒక దేశం దేశమే ఆ మాట మీద చట్టం చేసింది. ఆ కథ తెలిస్తే ఏ లైటు కొనాలో మీకే తెలిసిపోద్ది.

1934లో ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ వాళ్లు కారు లైట్ల రంగుల గురించి చూసి రెండు సంగతులు రాశారు. ఒకటి, తెలుపు కంటే పసుపు లైటు ఎదుటివాడి కళ్లని తక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండు, ఆకుపచ్చ, నీలం లైట్లతో పోలిస్తే పసుపు మంచులో తక్కువ చెదురుతుంది. రెండోదాన్ని ఇంకోసారి చదవండి. "తెలుపుతో పోలిస్తే" అనలేదు, "ఆకుపచ్చ, నీలంతో పోలిస్తే" అన్నారు. ఈ చిన్న తేడా తర్వాత జనం నోళ్లలో పడి ఎగిరిపోయింది.

1936 నవంబరులో ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది. 1937 ఏప్రిల్ తర్వాత రిజిస్టరయ్యే ప్రతి బండికీ హెడ్‌లైట్లు పసుపే ఉండాలి. ఫాగ్ లైట్లే కాదు, హెడ్‌లైట్లే. పాత బండ్లు కూడా 1939 మొదటి నుంచి మార్చుకోవాలని పెట్టారు గానీ ఆ ఏడు సెప్టెంబరులో యుద్ధం వచ్చి పని మధ్యలో చెడింది. అయినా చట్టం మాత్రం పోలేదు. 1992 చివరి వరకు నడిచింది. యాభై ఐదేళ్లు! పాత ఫ్రెంచి సినిమాల్లో రాత్రి సీను చూడండి, రోడ్డు మీద కార్లన్నీ పసుపు కళ్లతో వస్తుంటాయి.

దీనికి ఒక కథ కూడా అల్లారు. జర్మనీ సైన్యం బండ్లేవో తమ బండ్లేవో రాత్రిపూట గుర్తుపట్టడానికే ఫ్రాన్స్ పసుపు లైట్లు పెట్టిందని. వినడానికి బాగుంటది, వాట్సాప్‌లో తిరగడానికి ఇంకా బాగుంటది. కానీ చట్టానికి కారణం కళ్లు జిగేల్మనడం తగ్గించడమే, డ్రైవరు కళ్లకి అలసట తగ్గించడమే. (రంగుతో గుర్తుపట్టడం అనేది వేరేచోట నిజంగానే ఉంది. ఫ్రాన్స్‌లోనే లెమాన్స్ అనే ఊళ్లో 24 గంటల కారు పందెం జరుగుద్ది. అందులో చాలా ఏళ్లు మామూలు రకం కార్లకి పసుపు లైట్లు, వేగంగా పోయే రకానికి తెల్ల లైట్లు పెట్టారు. వెనకనుంచి వచ్చేది ఏ రకమో అద్దంలో చూడగానే తెలిసేది.)

పసుపు రంగు ఎలా తెప్పించేవాళ్లంటే, బల్బు గాజో ముందు అద్దమో పసుపుది వేసేవాళ్లు. లోపల వెలిగేది మామూలు బల్బే. గాజు ఆ వెలుగులోని నీలం, ఊదా రంగుల్ని పట్టేసి మిగతాది వదులుద్ది. జల్లెడ పట్టినట్టు. జల్లెడ పడితే తూకం తగ్గుద్ది కదా, అట్లాగే 15 నుంచి 18 శాతం దాకా వెలుగు పోయేది. అందుకే కొందరు అప్పుడే అనుమానించారు: కళ్లకి హాయిగా ఉంటున్నది పసుపు వల్లా, లేక వెలుగే తగ్గినందువల్లా అని.

1976లో నెదర్లాండ్స్ వాళ్లు ఇదంతా తిరగేసి చూశారు. రోడ్డు భద్రత వరకు తెలుపైనా పసుపైనా తేడా లేదని తేల్చారు. కళ్లకి ఇబ్బంది తక్కువన్న సంగతి మాత్రం పసుపు వైపే ఉందని ఒప్పుకున్నారు. చివరికి యూరప్ దేశాలన్నిటికీ ఒకే పద్ధతి రావడంతో 1993 నుంచి ఫ్రాన్స్ కూడా తెలుపులోకి వచ్చింది. జపాన్ 2006 నుంచి కొత్త బండ్లకి తెల్ల హెడ్‌లైట్లే అంది. పసుపుకి మిగిలిన చోటు ఒక్కటే: ఫాగ్ లైట్లు. యూరప్ నియమాల్లో, మన దేశ నియమాల్లో కూడా ముందు ఫాగ్ లైటు తెలుపైనా ఉండొచ్చు, పసుపైనా ఉండొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పసుపు మంచుని చీలుస్తుందా?

చీల్చదు.

ఆకాశం నీలంగా ఎందుకుంటదో 1871లో రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త లెక్క కట్టి చెప్పాడు. గాలిలో ఉండే అతి సూక్ష్మమైన కణాలు నీలం వెలుగుని ఎక్కువ చెదరగొడతాయి, ఎరుపు, పసుపుల్ని తక్కువ. జనం ఈ లెక్కనే తెచ్చి మంచుకి అంటగట్టారు. కానీ ఆ లెక్క పని చేయాలంటే కణం వెలుగు అల కంటే బాగా చిన్నదై ఉండాలి. వెలుగు అల పొడవు సుమారు అర మైక్రాన్. మంచు బొట్టు 10, 20 మైక్రాన్లు ఉంటది. అంటే ఇరవై నుంచి నలభై రెట్లు పెద్దది. అంత పెద్ద బొట్టు ముందు అన్ని రంగులూ ఒకటే, అన్నిటినీ ఇంచుమించు సమానంగా చెదరగొడుద్ది. ఇలాంటి కణాల లెక్కని 1908లో మీ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. (ఆయన పేరే "మీ", మిమ్మల్ని కాదు.)

లెక్కలొద్దు, కంటితో చూడాలంటే ఇంటి దగ్గరే ఉంది. పొద్దున కట్టెల పొయ్యి నుంచి లేచే పలచటి పొగని చీకటిగా ఉన్న చెట్ల ముందు చూడండి, లేత నీలంగా కనిపిస్తది. దాని కణాలు అంత చిన్నవి. అదే పొద్దున చేను మీద పరుచుకున్న మంచుని చూడండి. తెల్లగా ఉంటది. మంచు నీలాన్నే ఎక్కువ చెదరగొట్టే పనైతే అది కూడా నీలంగా కనపడాలి కదా.

మరి పసుపు లైటు వేసిన డ్రైవర్లంతా "బాగుంది" అంటారే, వాళ్లు అబద్ధం చెప్తున్నారా? లేదు. అకాడమీ రాసిన మొదటి సంగతి ఇక్కడ పని చేస్తుంది. మన కంటి నడిమధ్యలో, సన్నటి వివరం చూసే చోట, నీలాన్ని పట్టే కణాలు చాలా తక్కువ. పైగా కంటి కటకం మిగతా రంగుల్ని సరిగా కూర్చిన చోట నీలం సరిగా కూర్చోదు, మసకబారుద్ది. అంటే నీలం వెలుగు వల్ల రాయీ గుంతా స్పష్టంగా కనపడేది తక్కువ, కళ్లు నొప్పి పుట్టేది ఎక్కువ. మంచులో మన లైటే తెల్లగా తిరిగొచ్చి మన కంట్లో కొడుద్ది. ఆ తిరిగొచ్చేదాంట్లో నీలం లేకపోతే కన్ను కొంచెం నెమ్మదిగా ఉంటది. శుక్లాలు మొదలైనవాళ్లకి వెలుగు కంట్లోనే చెదురుతుంది కాబట్టి, మామూలుగానే జిగేలు ఎక్కువ.

ఇక్కడే నా సొంత అభిప్రాయం ఒకటి చెప్తా. ఫ్రాన్స్ వాళ్ల చట్టం వాళ్ల కాలానికంటే మన కాలానికి ఎక్కువ సరిపోయేది. 1936 నాటి బల్బు లోపల తీగ కాలి వెలిగేది. ఆ వెలుగు సహజంగానే పసుపుగా ఉండేది, అందులో నీలం ఉన్నదే తక్కువ. ఉన్న కొంచెం తీసేయడానికి వాళ్లు గాజులు మార్చారు, దానికి ఐదో వంతో ఆరో వంతో వెలుగు పోగొట్టుకున్నారు. మన ఎల్‌ఈడీ సంగతి చూడండి.

మొదట వచ్చిన ఎల్‌ఈడీ ఎర్రది, 1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ చేశాడు. పసుపు ఎల్‌ఈడీని 1972లో చేసింది ఆయన శిష్యుడు జార్జ్ క్రాఫర్డ్. మొక్కజొన్నకి పేరున్న అయోవా రాష్ట్రంలో పుట్టినవాడు. ఆయన అప్పుడు పని చేసింది ఏ కంపెనీలోనో తెలుసా? మోన్‌శాంటో! బీటీ పత్తితో మనందరికీ తెలిసిన ఆ కంపెనీయే. ఆ రోజుల్లో వాళ్లు ఎల్‌ఈడీలు తయారు చేసి అమ్మేవాళ్లు. తర్వాత 1990ల్లో జపాన్‌లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ వచ్చింది, దానికి ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ నీలం చిప్పు మీద పసుపు పొడి పూత పూస్తే వచ్చేదే మనం చూసే తెల్ల ఎల్‌ఈడీ. అంటే మీ బండికి తగిలించిన "తెల్ల" లైటు లోపల ఉన్నది నీలం లైటే. 6000, 6500 కెల్విన్ అని డబ్బా మీద రాసి ఉందంటే నీలం పాలు ఇంకా ఎక్కువని అర్థం. ఎదురుగా ఆ లైటు వేసుకొచ్చే బండిని చూసి మనం తిట్టుకునేది అందుకే. కాబట్టి ఎల్‌ఈడీయే కొనేటట్టయితే పసుపు కొనడంలో అర్థముంది. కారణం మంచుని చీల్చడం కాదు, కళ్లు.

అయితే రంగుకంటే పెద్ద సంగతి ఒకటుంది, షాపులో దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫాగ్ లైటుని ఫాగ్ లైటు చేసేది దాని వెలుగు ఆకారం. పైన కత్తితో కోసినట్టు అడ్డగీత ఉండాలి, గీత పైకి వెలుగు పోకూడదు, కింద మాత్రం అటూ ఇటూ రోడ్డు అంచుల దాకా పరుచుకోవాలి. లైటు కంటి ఎత్తుకి ఎంత కిందుంటే, తిరిగొచ్చే తెల్లదనం కంటికి అంత తక్కువ తగులుద్ది. యూరప్ నియమంలో కార్లకి, చిన్న గూడ్సు బండ్లకి నేల నుంచి 80 సెంటీమీటర్ల లోపే బిగించాలని ఉంది. టాపు మీద బిగించే పొడవాటి లైట్ల పట్టీ ఉంటది చూడండి, అది పసుపుదైనా మంచులో పనికిరాదు. పైనుంచి కొట్టే వెలుగంతా కళ్ల ముందే గోడ కట్టుద్ది. మంచులో హైబీమ్ వేస్తే ఏమవుద్దో, ఇదీ అంతే.

అందుకని కొనేముందు చీకటి పడ్డాక గోడకి పది మీటర్ల దూరంలో బండి పెట్టించి వెలిగించి చూడండి. పై గీత లైటు ఎత్తుకంటే ఒక జానెడు కిందకి ఉండాలి. గీతే కనపడకుండా గుండ్రంగా మచ్చలా పడితే అది ఫాగ్ లైటు కాదు, డబ్బా మీద ఏం రాసినా సరే. బండితో పాటు కంపెనీ ఇచ్చిన హాలోజన్ ఫాగ్ లైట్లు ఉంటే వాటి ఆకారం సరిగానే ఉంటది. అందులో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారి ఆ గీత చెదిరిపోద్ది. అంతకంటే ఆ హాలోజనే ఉంచుకోవడం మేలు.

రంగు విషయంలో ఇంకో తిరకాసు. షాపుల్లో "అంబర్" అని రెండు రకాలు అమ్ముతున్నారు. ఒకటి నిమ్మపండు పసుపు, సుమారు 3000 కెల్విన్ అని రాసి ఉంటది. ఇంకోటి నారింజ రంగు, అంటే ఇండికేటర్ రంగు. నియమాల్లో ఫాగ్ లైటుకి ఒప్పుకున్నది మొదటి రకమే. నారింజది వేస్తే మంచులో ఎదుటివాడికి మీరు ఇండికేటర్ వేసినట్టో, బండి ఆపినట్టో అనిపిస్తది. ఒకే లైటులో తెలుపు, పసుపు, మిణుకు మిణుకుమనే మోడ్ ఉన్నవాటిలో ఆ మిణుకు మోడ్ జోలికి అసలు పోవద్దు.

కరెంటు సంగతి మాత్రం ఎల్‌ఈడీ వైపే. 55 వాట్ల హాలోజన్లు రెండు 9 ఆంపియర్లు లాగుతాయి, 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండైతే మూడుంపావు. పాత బండి బ్యాటరీకి ఇది తేడాయే. అయినా ఫ్యూజు, రిలే పెట్టించండి, హెడ్‌లైటు వైరుకి ముడేయనివ్వద్దు. నీళ్లు చొరకుండా ఐపీ 67 ఉందో లేదో, వెనక అల్యూమినియం రెక్కలు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. ఎల్‌ఈడీ వేడి వెనక్కే వస్తది, అది పోకపోతే లైటు తొందరగా పోద్ది.

ఇంత చేసినా మంచి ఫాగ్ లైటు దట్టమైన మంచులో చూపించేది పది పదిహేను మీటర్లే. 40 స్పీడులో బండి సెకనుకి 11 మీటర్లు పోతది. లైటు వేశాం కదా అని స్పీడు పెంచితే ఆ డబ్బులు దండగే.

ముందు లైటు మనం చూడటానికి. వెనకవాడు మనల్ని చూడటం వేరే సంగతి, మంచులో మన ట్రాలీలకి జరిగేవి ఎక్కువ వెనకనుంచే. టైలు లైటు ఉండదు, ఉన్నా మట్టి కప్పేసి ఉంటది, పత్తి బోరేలు పైన వేలాడుతుంటాయి. ఆ ట్రాలీకి రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు అంటించాలి. ఫాగ్ లైట్ల కోసం షాపుకి పోయినప్పుడే ఆ టేపు చుట్ట కూడా తెచ్చుకోండి. అంటించేముందు డబ్బా రేకుని తడిగుడ్డతో బాగా తుడిచి ఆరనివ్వండి, లేకపోతే మూడు ట్రిప్పులకే ఊడొస్తది.