కోల్‌కతా: చారిత్రక ద్వారాలు, బజార్లు

హైదరాబాదు పాతబస్తీకి ఒకప్పుడు ఉన్నట్టు కోల్‌కతాకు నగర ప్రాకారం, దర్వాజాలు లేవు. ఇక్కడి చారిత్రక ద్వారాలు కోటకు, రాజభవనానికి, మసీదుకు చెందినవి. ఊరు మాత్రం బజార్ల చుట్టూ పెరిగింది.

ఆరంభం: 1690 ఆగస్టు 24న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ నగరాన్ని స్థాపించాడన్నది చాలాకాలం పాఠ్యపుస్తకాల మాట. 2003లో కలకత్తా హైకోర్టు దీన్ని తోసిపుచ్చింది. ఆంగ్లేయులు రాకముందే నేటి నగరంలో భాగమైన సుతానుటి గ్రామంలో సేఠ్, బసాక్ కుటుంబాలు నూలు, బట్టల వ్యాపారం చేస్తున్నందున కోర్టు అభిప్రాయమే సమంజసంగా తోస్తుంది.

కందకం, కోటలు: మరాఠా దండయాత్రల భయంతో 1742లో నగరం చుట్టూ కందకం తవ్వడం మొదలుపెట్టారు. సుమారు మూడు మైళ్లు తవ్వాక పని ఆగింది. మరాఠాలు రానేలేదు. 1756 జూన్‌లో దండెత్తిన బెంగాల్ నవాబు సిరాజుద్దౌలాను ఆ కందకం ఆపలేకపోయింది. దీన్ని పూడ్చిన మేరలోనే సర్క్యులర్ రోడ్డు వచ్చింది. బాగ్‌బజార్‌లో మరాఠా డిచ్ లేన్ అనే వీధి నేటికీ ఉంది. పాత ఫోర్ట్ విలియం కోట స్థలంలో కొంతభాగాన్ని 1868 నాటి జనరల్ పోస్టాఫీసు ఆక్రమించింది. కోట గోడల జాడ తెలిపే ఇత్తడి గీతలు దాని మెట్ల దగ్గర కనిపిస్తాయి. 1758లో మొదలై 1781 ప్రాంతంలో పూర్తయిన కొత్త ఫోర్ట్ విలియంకు చౌరంగీ, ప్లాసీ, కలకత్తా, వాటర్, సెయింట్ జార్జ్, ట్రెజరీ అని ఆరు ద్వారాలు. సెయింట్ జార్జ్ ద్వారానికి ఇటీవల శివాజీ పేరు పెట్టారు.

ఇతర ద్వారాలు: 1803లో పూర్తయిన, గవర్నరు నివాసమైన రాజభవనం తూర్పు, పడమర కమానులపై సింహాలున్నాయి. కచ్ఛీ మెమన్లు 1926లో శంకుస్థాపన చేసిన నఖోదా మసీదు ముఖద్వారానికి ఫతేపూర్ సిక్రీ బులంద్ దర్వాజా నమూనా.

బజార్లు: బడాబజార్‌లో వ్యాపారం కట్రాల్లో నడుస్తుంది. నడిమి ఆవరణ చుట్టూ కొట్లు, పైన గిడ్డంగులు ఉండే సముదాయాలివి. మనోహర్‌దాస్, సదాసుఖ్ కట్రాలు ప్రసిద్ధం. టిరెట్టా బజార్ ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటలీ వాసిది. తర్వాత ఆ పరిసరాల్లో చైనీయులు స్థిరపడ్డారు. లాల్‌దిఘీ చెరువు చుట్టూ ఉన్న డల్హౌసీ చౌక్ మాత్రం బజారు కాదు, ప్రధానంగా కార్యాలయాల కూడలి. 1930 డిసెంబరు 8న రైటర్స్ భవనంపై దాడి చేసిన బినయ్, బాదల్, దినేశ్‌ల పేర ఇది బి.బి.డి. బాగ్ అయింది.

ఆర్. ఆర్. బేన్ రూపకల్పన చేసిన న్యూ మార్కెట్ 1874 జనవరి 1న తెరుచుకుంది. 1903లో దానికి సర్ స్టూవర్ట్ హాగ్ పేరు పెట్టారు. 1985 డిసెంబరులో అగ్నిప్రమాదం కొంతభాగాన్ని కాల్చివేసింది. పునర్నిర్మాణం తర్వాత కూడా అక్కడ వ్యాపారం సాగుతోంది.