చుక్కాని స్థితిసూచిక: అరచేతి నుండి విద్యుత్ పరికరం దాకా

నౌకాచరిత్రలో చుక్కాని పుట్టుకకు లభించిన ప్రాధాన్యం, అది ఏ కోణంలో ఉందో నావికుడు తెలుసుకున్న పద్ధతులకు సాధారణంగా లభించలేదు. చుక్కాని నౌక వెనుక నీటిలో, తిప్పేవాడి కంటికి కనబడని చోట ఉంటుంది. చిన్న పడవల్లో దీనివల్ల ఇబ్బంది లేదు. టిల్లర్ అనే పొడవాటి పిడి చుక్కాని ఇరుసుకు నేరుగా బిగించి ఉండటంచేత పిడిని చూస్తే కోణం తెలుస్తుంది, నీటి ఒత్తిడి అరచేతికి అందుతుంది. (తెలుగు 'చుక్కాని'కి, అదే అర్థంగల అరబ్బీ 'సుక్కాన్'కు ఉన్న పోలిక సముద్ర వర్తకపు జాడగా గమనార్హం.)

18వ శతాబ్ది తొలి దశకాలలో పెద్ద నౌకల మీదికి చక్రం రావడంతో ఈ ప్రత్యక్ష సంబంధం తెగిపోయింది. చక్రం ఇరుసుకు చుట్టిన తాళ్లు కింది అంతస్తులోని టిల్లర్‌ను లాగేవి. చక్రం పలుమార్లు తిరిగితేగాని చుక్కాని ఒక కొస నుండి మరో కొసకు చేరదు. అందువల్ల చక్రాన్ని చూసి కోణాన్ని చెప్పడం అసాధ్యమైంది. నావికులు దీనికి కనుగొన్న తొలి పరిష్కారం ఖర్చులేనిది: చుక్కాని నడిమధ్యన ఉన్నప్పుడు చక్రంలో నిటారుగా నిలిచే ఆకుకు టర్క్స్ హెడ్ అనే అల్లిక ముడి వేయడం. చీకటిలోనూ చేతికి తగిలే గుర్తు అది. అయితే చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగినా ముడి మళ్లీ పైకే వస్తుంది. తిప్పినవాడు చుట్ల లెక్క మరిస్తే ముడి వల్ల ప్రయోజనం లేదు.

ఆ లోపాన్ని తీర్చినది 'టెల్‌టేల్' అనే సూచిక. చక్రం ఇరుసు మీది చిన్న దిమ్మెకు చుట్టిన దారం ఒక ముల్లును అడ్డంగా జరుపుతుంది. స్మిత్ సంకలనం చేయగా 1867లో వెలువడిన నావిక నిఘంటువులో ఈ మాటకు, చక్రం ముందు అమర్చి టిల్లర్ స్థితిని తెలిపే సూచిక అనే అర్థం కూడా ఉంది. నిశితంగా చూస్తే ఆ వివరణ పూర్తిగా సరికాదు. ముల్లు కొలిచేది చక్రాన్నే; తాళ్లు సాగినా తెగినా అది చుక్కాని గురించి అబద్ధమే చెబుతుంది. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో విక్టరీ నౌక చక్రం గుండు దెబ్బకు ధ్వంసమైనప్పుడు, కింది అంతస్తులో మనుషులు టిల్లర్‌ను లాగి నౌకను నడిపారు. కోణం వారికి తెలుసు, సముద్రం కనబడదు. పైనున్నవారి పరిస్థితి దీనికి సరిగ్గా విపర్యయం.

ఆజ్ఞల భాష ఈ గందరగోళాన్ని పెంచింది. టిల్లర్ కుడికి జరిగితే నౌక ముక్కు ఎడమకు తిరుగుతుంది. టిల్లర్ కంటికి కనుమరుగైనా ఆజ్ఞలు దానినే ఉద్దేశించి సాగాయి. 1912లో టైటానిక్ ముందు మంచుకొండ కనబడినప్పుడు ఇచ్చిన 'హార్డ్ ఎ స్టార్‌బోర్డ్' ఆజ్ఞకు అర్థం నౌకను ఎడమకు తిప్పమనే. 1929 లండన్ సముద్ర భద్రతా ఒప్పందం, దానిని అనుసరించిన 1932 బ్రిటిష్ చట్టం ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, ఆజ్ఞలో చెప్పిన దిశకే నౌక తిరగాలని నిర్దేశించాయి.

అనుభవజ్ఞులైన నావికులు చక్రం తిప్పే తీరును పరిశీలించి నికొలాస్ మినోర్‌స్కీ స్వయంచాలక నౌకానియంత్రణపై 1922లో ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. తరువాతి కాలంలో చిన్న పడవల్లోకి వచ్చిన ఆటోపైలట్లలో అనేకం చుక్కాని నిజకోణాన్ని తిరిగి అందుకుంటేనే స్థిరంగా పనిచేస్తాయి. తెరచాప పడవ యజమానికి మరో అవసరమూ ఉంది. తిన్నగా సాగడానికి చుక్కానిని ఎప్పుడూ పెద్ద కోణంలో పట్టి ఉంచవలసి వస్తే తెరచాపల అమరిక కుదరలేదని, చుక్కాని వేగానికి అడ్డుపడుతున్నదని అర్థం.

ఇంట్లో చేసుకునే సూచిక టెల్‌టేల్ లోపాన్ని సరిదిద్దుతుంది: దానిని చక్రానికి గాక చుక్కాని ఇరుసుకే కలుపుతారు. ఇరుసు మీద ఒక చేయి, పొటెన్షియోమీటర్ మీద అంతే పొడవుగల మరో చేయి, వాటి మధ్య రెండు చివరలా కీళ్లున్న కడ్డీ. నాలుగు కీళ్లూ సమాంతర చతుర్భుజంగా నిలిస్తేనే రెండు కోణాలూ సమానమవుతాయి. ఒక చేయి పొట్టిదైతే ముల్లు ఎక్కువో తక్కువో చూపుతుంది. చుక్కాని ఇరువైపులా 35 డిగ్రీల చొప్పున మొత్తం 70 డిగ్రీలే తిరుగుతుందనుకుంటే, 270 డిగ్రీలు తిరగగల పొటెన్షియోమీటర్‌లో వాడుకలోకి వచ్చేది పావు వంతే. 5 వోల్టులు ఇస్తే లభించే మార్పు సుమారు 1.3 వోల్టులు. అందుకే రెండు స్థిర నిరోధాలతో వీట్‌స్టన్ వంతెన కట్టి, సున్న నడుమనున్న మీటరును కలుపుతారు. చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు వంతెన సమతుల్యమై ముల్లు నడుమ నిలుస్తుంది.

సుదీర్ఘ ప్రయాణంలో చుక్కాని ఎక్కువ సేపు నడిమధ్యకు అటూ ఇటూ కొద్దిగానే ఆడుతుంది. ఆ కొద్ది మేరలోనే పొటెన్షియోమీటర్ పట్టీ అరిగి, తెలియవలసిన చోటనే ముల్లు వణకడం మొదలుపెడుతుంది. అయస్కాంతాన్ని తాకకుండా కొలిచే హాల్ సెన్సర్లకు ఈ అరుగుదల లేదు. అటువంటి పరికరం అమర్చిన పడవల్లోనూ చక్రం మీద టర్క్స్ హెడ్ ముడి కనబడుతూనే ఉంది.