పుస్తకమూ, పక్కన ముంతా

చెట్టు నీడ, పక్కన ప్రేయసి, ఒక చేతిలో పద్యాల పుస్తకం, ఇంకో చేతిలో మధుపాత్ర. ఈ బొమ్మ ఎక్కడో ఒకచోట చూడనివారుండరు. పాత కాలెండర్ల మీదా, రుబాయీల పుస్తకాల అట్టల మీదా ఉమర్ ఖయ్యాం ఇలాగే కూర్చుని ఉంటాడు. పాపం, ఆయన గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ తలపండినవాడు. తాగుతూ చదివాడో, చదువుతూ తాగాడో మనకు తెలియదుగానీ, తాగి చదివేవాణ్ణని తన నోటితో తానే చెప్పుకున్న పెద్దమనిషి ఆయనకు ముందే ఒకాయన ఉన్నాడు. ఇబ్న్ సీనా అనే మహావైద్యుడు. బుఖారాలో చదువుకునే రోజుల్లో రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేదట. అప్పుడో గిన్నెడు ద్రాక్షమద్యం పుచ్చుకుని, సత్తువ తెచ్చుకుని, మళ్ళీ పుస్తకం తెరిచేవాణ్ణని శిష్యుడికి చెప్పి రాయించాడు. మన పిల్లలు పరీక్షలప్పుడు టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకున్నట్టన్నమాట. తాగి చదివింది బుర్రలో సరిగ్గా నిలవదని ఇప్పటి వైద్యులంటారు. ఆయనకెలా నిలిచిందో మరి!

ఖయ్యాం తెలుగునాట కూడా కాపురం పెట్టాడు. ఆదిభట్ల నారాయణదాసు ఆయన పద్యాలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ కూడా తెచ్చారు. నెల్లూరు సీమ కవి దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని మరీ 'పానశాల' రాశారు. నెల్లూరు అన్న మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికి రావాలి.

తెలంగాణకు మాత్రం ఈ సాకీ, ఈ మైఖానా అనువాదం అక్కర్లేకుండానే వచ్చేశాయి. నిజాం జమానాలో బడి చదువు ఉర్దూలో కదా! సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారి బడి చదువు కూడా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. తర్వాత ఆయన జ్ఞానపీఠం అందుకున్నారు, తెలుగులో గజళ్ళు రాశారు. ఉర్దూ కవిత్వం చదివిన పిల్లవాడికి మధువు నీళ్ళంత మామూలుగా కనిపిస్తుంది. అంతమాత్రాన కవులందరూ తాగుబోతులనుకోకండి. మధువు మీద కవిత్వానికి పేరెక్కిన రియాజ్ ఖైరాబాదీ జన్మలో చుక్క ముట్టలేదని ప్రతీతి. పుస్తకంలో మధువుకు వాసన ఉండదు. మర్నాడు పొద్దున తలనొప్పి ఉండదు. అప్పువాడు తలుపు తట్టడు.

అదే సిరిసిల్లలో, జగిత్యాలలో, కోరుట్లలో ఇంటి ఆడవాళ్ళకు తెలిసిన తాగుడు వేరు. 2016 దాకా ఇవన్నీ కరీంనగర్ జిల్లా ఊళ్ళే. సిరిసిల్లలో సాంచాల చప్పుడు, జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫు వెళ్ళిన మగవాళ్ళ ఉత్తరాలు, ఎక్కడ చూసినా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆ రెండు చేతులకూ పుస్తకం పట్టే తీరిక ఎక్కడిది? పట్టినా చదవడం రావాలిగా. 1991 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఆడవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు నూటికి 33 మంది!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కల్లు సంగతి వేరు. పోచమ్మకు సాక పోసేది కల్లే. పండగకో పబ్బానికో ఆడవాళ్ళూ ఇంత పుచ్చుకుంటారు, దాన్నెవరూ తప్పు పట్టరు. కొంప ముంచింది సారా. 1980లలో ప్రభుత్వమే దాన్ని ప్యాకెట్లలో పోసి 'వారుణివాహిని' అని పేరు పెట్టి ఊరూరికీ పంపింది. క్షీరసాగరంలో పుట్టిన దేవత పేరది. ఎంత చక్కని సంస్కృతమో చూడండి! ఆ ప్యాకెట్టు కొరికి తాగే కూలీకీ, వాడి కోసం అన్నం మూతపెట్టి కూర్చున్న ఇల్లాలికీ ఆ పేరు చదవడం రాదు.

ఇక నెల్లూరికి వద్దాం. రామిరెడ్డి గారు పానశాల కట్టిన సీమలోనే 1991లో 'అక్షరదీపం' పేరుతో వయోజనులకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. పగలంతా కూలి చేసుకున్న ఆడవాళ్ళు రాత్రిళ్ళు పలకలు పట్టారు. వాళ్ళ వాచకంలో 'సీతమ్మ కథ' అని ఓ పాఠం ఉంది. మొగుడి తాగుడుతో గుల్లయిన సంసారం కథ. కూడబలుక్కుంటూ చదివారు. చదివి, ఇది మన ఇంటి సంగతేనే అనుకున్నారు. ఏ సాకీ లేని, ఏ గులాబీ లేని తాగుడు వాళ్ళకు అచ్చులో కనబడింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళంతా ఒక్కటై సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా నలుగురికీ తెలిసింది. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ తర్వాతి సంగతి. దూబగుంట కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. పాఠం చదివి పని చేశారు, ఆ పని మళ్ళీ పాఠమైంది! అది చదివిన ఊళ్ళన్నీ కదిలాయి. 1992లో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

మరి జగిత్యాల, సిరిసిల్లలు ఏం చేశాయంటారా? వాటి చరిత్ర వేరు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది రైతుకూలీలు నడిచారు. అక్టోబరు 20న ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1990ల మొదట్లో తెలంగాణ పల్లెల్లో సారా బందు పీపుల్స్ వార్ హుకుంగా వచ్చింది. అక్కడా ఆడవాళ్ళు సంతోషించారు. కాదనను. కానీ తుపాకీ మాట మీద మూసిన దుకాణానికీ, తాను చదివిన పాఠం మీద తానే వెళ్ళి మూయించిన దుకాణానికీ తేడా లేదంటే నేనొప్పుకోను.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. సారా పోయిన చోటికి సీసా వచ్చి కూర్చుంది.

2019 నుంచి ప్రతి మద్యం సీసా మీదా ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక అచ్చువేయడం తప్పనిసరి. తాగేవాడి చేతికి ఖాయంగా చేరే చదువంటే అదే. అక్షరాలు మరీ చిన్నవేం కావు. కానీ మొదటి గ్లాసు ముందు తొందర, మూడో గ్లాసు తర్వాత అక్షరం రెండుగా కనబడుతుంది. పొద్దున్నే ఇల్లూడుస్తూ మంచం కిందినుంచి దొర్లివచ్చిన ఖాళీ సీసాను ఎత్తి, దాని మీద రాసింది చివరిదాకా చదివేది ఆ ఇంటావిడే.